రెండు మొఖాల దుడ్డె

పోయిన వారం మా బిడ్డను తీసుకుని సంగారెడ్డిలో స్కానింగ్‌కు వెళ్ళాను. దానికి ఐదో నెల. కౌంటరు దగ్గరి పిల్ల తల కూడా ఎత్తకుండా, "లీటరు నీళ్ళు తాగి కూసోండి, పిలుస్తం" అంది. మా బిడ్డ ఎదురు దుకాణంలో సీలు వేసిన సీసా కొనుక్కొచ్చి మూత తిప్పబోతుంటే నేను చటుక్కున దాని చేతిలోంచి లాక్కున్నాను. ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తిపట్టి రంగు చూశాను, మూత తీసి వాసన చూశాను, ఒక్క గుక్క నాలుక మీద వేసుకుని చప్పరించాను. బెంచీ మీది ఆడవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. "అమ్మా, గదేమన్న కల్లా సప్పరియ్యనీకి? ఇజ్జత్ తీస్తున్నవ్" అని మా బిడ్డ మోచేత్తో పొడిచింది. ఇజ్జత్ పోతే పోయింది. అది నా కడుపులో ఐదో నెలలో ఉన్నప్పుడు జరిగిన సంగతి దానికి సగమే తెలుసు. మిగతా సగం నాకే పోయినేడు దాకా తెలియదు.

మా అత్తగారి ఊరు గడ్డపోతారం అవతల, వాగు పక్కన. ఎనభైలు ముగియవస్తున్న రోజులు. నేను కోడలిగా అడుగుపెట్టేనాటికే ఊరి పైభాగాన కంపెనీలు వెలిశాయి. ఏ కంపెనీ ఏం చేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. మందులు చేస్తారు అనేవాళ్ళు, అంతే. వాటి బోర్డులు ఇంగ్లీషులో ఉండేవి కాబట్టి ఊరివాళ్ళు వాసనను బట్టి పేర్లు పెట్టుకున్నారు. ఒకటి కుళ్ళిన కోడిగుడ్డు కంపెనీ, ఒకటి దవాఖాన కంపెనీ, ఒకటి ముక్కు మండే కంపెనీ. మా ఆయన ముక్కు మండే కంపెనీలో బాయిలర్ దగ్గర పనికి కుదిరాడు. కుదరక ఏం చేస్తాడు? వాగు కింద మాకున్న రెండెకరాల్లో వరి వేస్తే మోకాలెత్తు వచ్చి ఎర్రబడి పడిపోయేది. పంట వాగు నీళ్ళ వల్ల పోయింది, వాగు కంపెనీ వల్ల చెడింది, చివరికి ఆ కంపెనీ గేటు ముందే నిలబడి పని అడుక్కోవాల్సి వచ్చింది. బోనులో పడ్డ ఎలుక బోనులోని కొబ్బరిముక్కే తినాలి కదా మరి.

ఇంటి ముందు చేదబావి ఉండేది. మా మామయ్య తవ్వించాడట. ఒకప్పుడు దాని నీళ్ళతో పప్పు రెండు ఉడుకులకే మెత్తబడేదని మా అత్తమ్మ చెప్పేది. నేను వచ్చేనాటికి ఆ నీళ్ళు పలచటి చాయ రంగుకు తిరిగాయి. అన్నం వండితే పచ్చగా దిగేది. "నిమ్మకాయ పిండితె పులిహోరనే, పని తప్పింది" అనేది అత్తమ్మ. ఆమె తీరే అంత. కష్టాన్ని కష్టమని పేరు పెట్టి పిలిచేది కాదు. నా కాళ్ళ పట్టీలు పెళ్ళయిన ఆరు నెలలకే నల్లబడ్డాయి. చింతపండు పెట్టి తోమితే రెండు రోజులు మెరిసి మళ్ళీ నల్లబడేవి. ఊళ్ళో మిగతా బావులూ అంతే, రంగు కొంచెం ఎక్కువ తక్కువ. పశువులు వాగులో తాగేవి, మనుషులు బావిలో తాగేవాళ్ళు, ఆ రెండింటికీ నేల కింద చుట్టరికం ఉందని అందరికీ తెలుసు, ఎవరూ అనేవాళ్ళు కాదు.

వింత పుట్టుకలు ముందు కోళ్ళతో మొదలయ్యాయి. పక్కింటి గంప కింద మూడు కాళ్ళ కోడిపిల్ల పుట్టింది. ఆ మూడో కాలు ఈడ్చుకుంటూనే మిగతా పిల్లలకంటే ముందు గింజల దగ్గరికి చేరేది, ఊళ్ళో దానికి మంచి పేరే ఉండేది. తరువాత ఒక మేక, కళ్ళుండాల్సిన చోట తోలు మూసుకుపోయిన పిల్లను ఈనింది. ఇంకో మేకకు వెనకకాళ్ళు లేని పిల్ల. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. అమ్ముకునే జీవాలు కదా, ఫలానా ఊరి మేకలంటే సంతలో ముఖం తిప్పుకుంటే ఎట్లా? ఎవరింట్లో పుట్టింది వాళ్ళు గుట్టుగా పూడ్చిపెట్టుకుని, పక్కింట్లో పుట్టినదాని గురించి మాత్రం చెవులు కొరుక్కునేవాళ్ళు. అడిగితే గ్రహణం అన్నారు, ఎవరో చేసిన పాపం అన్నారు, మంత్రం అన్నారు. నీళ్ళు అన్న మాట మాత్రం ఎవరి నోటి నుంచీ రాలేదు. ప్రతి ఇంట్లోంచీ ఒకరు కంపెనీకి పోతూనే ఉన్నారు మరి.

అట్లాంటి రోజుల్లో నాకు కడుపు నిలిచింది. అంతకు ముందు ఒకటి మూడో నెలలో పోయింది. అందుకని ఈసారి మా అత్తమ్మ నన్ను బిందె కూడా ఎత్తనిచ్చేది కాదు. మామూలుగా అయితే తొలి కాన్పుకు తల్లిగారింటికి పోవాలి. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా నాన్న సంగారెడ్డిలో ధాన్యం అమ్మే ఒక గల్లా దుకాణంలో గుమాస్తా, కిరాయి గదిలో ఒంటిగా ఉండేవాడు. ఆయన వంటే ఆయనకు తినబుద్ధి కాదు, ఇంక నాకేం పురుడు పోస్తాడు! అట్లా నేను అత్తగారింట్లోనే ఉండిపోయాను. అదే సమయంలో మా బర్రె కూడా చూడితో ఉంది. కొట్టంలో అది, ఇంట్లో నేను. "ఇద్దరికీ కుడితి పెట్టుడే నా పని" అని అత్తమ్మ నవ్వేది. బర్రె ముందు ఈనింది.

పొద్దున పూట ఈనింది. కొట్టంలోంచి అత్తమ్మ కేక వినబడి నేను పరుగు తీయబోయాను. గుమ్మం దాకా వచ్చానో లేదో ఆమె ఎదురొచ్చి, మాయ నీళ్ళంటిన చేతులతోనే నన్ను వెనక్కు నెట్టింది. "సూడకు! కండ్లు మూస్కో! లోపటికి నడువ్!" గింజల గుమ్ములుండే లోపలి గదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టేసింది. ఆ గదికి కొట్టం వైపు ఒక చిన్న కిటికీ ఉండేది, దానికి గోనెసంచి మేకులతో కొట్టింది. ఏం పుట్టిందో గోడ అవతలి మాటలను బట్టి తెలిసింది. ఒక ఒళ్ళు, నాలుగు కాళ్ళు, మెడ దగ్గర నుంచి రెండు మొఖాలు. రెండు నోళ్ళూ ఒకేసారి అరుస్తున్నాయట. కడుపుతో ఉన్న ఆడది అట్లాంటిదాన్ని చూస్తే ఆ రూపమే కడుపులోకి దిగుతుందని మా వైపు గట్టి నమ్మకం. పదో తరగతి పాసైనదాన్ని, నాకు నమ్మకం లేదనే అనుకునేదాన్ని. కానీ ఒక కడుపు పోగొట్టుకున్నాక ఏ నమ్మకాన్ని కాదనడానికైనా ధైర్యం చాలదు. కళ్ళు మూసుకోమంటే, తలుపు మూసి ఉన్నా సరే, మూసుకునే కూర్చున్నాను.

మూడు రోజులు మా ఇల్లు జాతర అయిపోయింది. దేవుడి అవతారమని కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు కొందరు, అరిష్టమని ఉమ్మేవాళ్ళు కొందరు. కొందరైతే ముందు కొబ్బరికాయ కొట్టి, ఎందుకైనా మంచిదని తరువాత ఉమ్మారట. ఐస్‌ఫ్రూట్ బండి వచ్చింది, దాని గంట చప్పుడు నాకు వినబడింది. హత్నూర నుంచి ట్రాక్టరు కట్టించుకుని మరీ వచ్చి చూసిపోయారు జనం. పది అడుగుల దూరంలో ఉండి చూడనిదాన్ని నేనొక్కదాన్నే. "ఓ నాయినా, మొక్కుతె మొక్కుండ్రి గని నా గడ్డివామి తొక్కకుండ్రి!" అని అత్తమ్మ పొద్దంతా అరుస్తూనే ఉంది. మూడో రోజు సాయంత్రానికి దుడ్డె పోయింది. పాపం కదా అనుకుంటూనే, ఇంక నాకు గొళ్ళెం తీస్తారని లోలోపల సంతోషపడ్డాను. నిజం చెప్పడానికి ఇప్పుడు సిగ్గెందుకు!

కానీ ఒక చిక్కొచ్చింది. ఎదురుగా దుడ్డె కనబడి, నాకి, వాసన చూసుకుంటే తప్ప బర్రె చేపదు, పొదుగులో పాలుండీ కిందికి వదలదు. దుడ్డె చనిపోతే దాని తోలు ఒలిచి, ఉప్పు రుద్ది, లోపల వరిగడ్డి కూరి, కుట్టి, నాలుగు కర్రకాళ్ళు పెట్టి పాలు పిండే వేళకు బర్రె ముందు నిలబెట్టడం మా వైపు మామూలే. తోలు పని చేసే ఒక పెద్దాయన వచ్చాడు. "అమ్మా, గిట్ల రెండుంటె కుట్టుడు కష్టం. ఒక మొఖం తీసేస్త. ఏది ఉంచాలె?" అని అడిగాడు. "అది రెండిట్నీ నాకింది. ఏది తీస్తె గదే ఎతుకుతది. రెండూ ఉంచు" అంది అత్తమ్మ. అట్లా రెండు మొఖాల గడ్డిదుడ్డె మా కొట్టంలో స్థిరపడిపోయింది. ప్రాణమున్నది అయితే మూడు రోజుల్లో పోయింది. ఇది పోయేదెన్నడు? బర్రె ఒట్టిపోయేదాకా ఉంటుంది. అంటే నా కాన్పు దాకా. నా గొళ్ళెం అక్కడే ఉండిపోయింది. నాకు బయటికి పోయే అవసరం పడితే అత్తమ్మను పిలవాలి. ఆమె పోయి గడ్డిదుడ్డె మీద సంచి కప్పి, "ఆఁ, రా!" అనాలి. పట్నంలో కర్ఫ్యూ సడలించినట్టు నేను గబగబా వెళ్ళి గబగబా రావాలి.

తోలు ఒలిచిన మరునాడు పశువుల డాక్టరు సారు వచ్చాడు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, మాటకు ముందొక అండీ వెనకొక అండీ. వెంట ఊరి పెద్దమనుషులు నలుగురు. డాక్టరు దుడ్డె కాలేయం కావాలన్నాడు, పట్నం ల్యాబుకు పంపుతానన్నాడు. లోపలి భాగాలన్నీ అప్పటికే సున్నం పోసి పూడ్చేశారు. "అయ్యో, ఒక్క రోజు ఆగలేకపోయారా అమ్మా" అని నుదురు కొట్టుకున్నాడు. కారణం ఏంటని పెద్దమనుషులు అడిగితే ఆయన చెప్పింది నేను తలుపుకు చెవి ఆనించి విన్నాను. కవలలుగా విడిపోవాల్సిన పిండం పూర్తిగా విడిపోకపోతే ఇట్లా అవుతుందట. ఒకే దున్నపోతును ఏళ్ళ తరబడి దాని బిడ్డలకే కట్టిస్తే లోపాలు వస్తాయట. చూడితో ఉన్నప్పుడు కొన్ని పిచ్చిమొక్కలు తిన్నా రావచ్చట. నీళ్ళలో రసాయనాలున్నా రావచ్చట. "ఏదని ఒట్టేసి చెప్పలేనండి. కానీ ఇన్ని ఇళ్ళల్లో పుడుతున్నాయంటే నీళ్ళు చూపించాల్సిందే. ఒక సీసా మీ బావి నీళ్ళివ్వండమ్మా. మీ పేరుతో అర్జీ పెడదాం" అన్నాడు. పెద్దమనుషులు అవునన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో పుట్టినవి పూడ్చేసుకున్నారుగా, అర్జీకి మా ఇల్లు కావాల్సి వచ్చింది.

ఆ ముందు రోజే మా ఆయనను కంపెనీ సూపర్‌వైజర్ పిలిచి చెప్పాడు. మీ ఇంటి నుంచి కాగితం పోతే రేపటి నుంచి గేటు దగ్గరికి రావద్దు, పోకపోతే దసరాకు పర్మనెంట్. ఈ మాట మా ఆయన వాళ్ళమ్మకు చెప్పడం కూడా నేను ఆ తలుపు వెనక నుంచే విన్నాను. ఇంట్లో గింజలు గుమ్ము అడుగున రెండు జానలు మిగిలాయి, వాటి పక్కనే కదా నా కాపురం, నాకు తెలుసు. డాక్టరు సీసా చాచాడు. అప్పుడు బావిలో చేద పడ్డ చప్పుడు వినబడింది. గిలక కిర్రుమంది. అత్తమ్మ నీళ్ళు చేది చెంబులో పోసుకుని, "మా నీళ్ళకేమైంది సారూ? పెండ్లై వచ్చిన కాడినుంచి తాగుతున్న. సూడుండ్రి" అని గటగటా తాగేసింది. నాకు ఆ గుటకలు వినబడ్డాయి. చెంబు అరుగు మీద బోర్లించి, "అది గ్రహణం మొర్రి. సూడి బర్రెను గ్రహణం నాడు నేనే బయట కట్టేసి మరిసిన. నీళ్ళదేం తప్పు లేదు. ఇగ పోండ్రి" అంది. డాక్టరు ఖాళీ సీసాతో వెళ్ళిపోయాడు. ఆ పూట అత్తమ్మ అన్నం తినలేదు. కొట్టం వెనక కక్కుకుంటున్న చప్పుడు వినబడింది. మూడు రోజుల ఎండ, జనంతో గొడవ, అందుకే అనుకున్నాను.

మరునాడు పొద్దున్నే ఆమె కొత్త కుండ ఒకటి తెచ్చి నా గదిలో మూలన పెట్టింది. "గుట్ట అవతల మైసమ్మకు మొక్కిన. కాన్పు అయ్యేదాంక నువ్వు మైసమ్మ బాయి నీళ్ళే తాగాలె. నీ అన్నం గూడ గవ్విటితోనే. మన బాయి నీళ్ళు సుక్క ముట్టొద్దు, ముడితె మొక్కు సెడుతది" అంది. మైసమ్మ బావి వాగుకు ఎగువన, గుట్ట దిగి అవతలికి పోవాలి. పోయి రావడానికి పొద్దు బారెడెక్కేది. ఆమె రోజూ చీకటితో లేచి, చెప్పులు లేకుండా, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా బిందె మోసుకొచ్చేది. ఎందుకు మాట్లాడవని అడిగితే అదీ మొక్కులో భాగమే అనేది. "మా అమ్మ మొక్కులకు హద్దు లేదు" అని మా ఆయన తల పట్టుకునేవాడు. ఆ బిందె నీళ్ళు నాకొక్కదానికే. ఆమె, మా ఆయన, బర్రె, అందరూ ఇంటి బావి నీళ్ళే తాగేవాళ్ళు.

నాకు ఒళ్ళు మండేది. గొళ్ళెం ఒకటి, దానికి తోడు ఈ కుండ ఒకటి. ఎండలు ముదిరాయి. గుమ్ముల గదిలో గాలాడదు. మధ్యాహ్నానికే కుండ సగమయ్యేది, మళ్ళీ మరునాటి దాకా అదే సర్దుకోవాలి. గోడ అవతల బావిలో చేద పడుతుంటే ఆ చల్లని చప్పుడుకు నాలుక పీక్కుపోయేది. రంగైతే ఏంటి, వాసనైతే ఏంటి, చల్లగా ఉంటాయి కదా! ఒకరోజు కర్ఫ్యూ సడలించిన వేళ, అత్తమ్మ చూడటం లేదని బావి గట్టు మీది చెంబు ఎత్తి నోటికి పెట్టుకున్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో, చెంబు ఎగిరి అవతల పడింది, నా చెంప పేలిపోయింది. ఆమె నా మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు, అదే చివర. "గింత దూప ఓర్సుకోవా? గాడిద! మైసమ్మ ఊకుంటదా?" అని అరిచింది. నేను ఆ రోజంతా గోడకు తిరిగి పడుకున్నాను. కొడుకు ముందు దొర, కోడలి ముందు అమ్మవారు, ఈ ముసలిదాని పాడెకు కూడా నేను ఏడవను అనుకున్నాను. నోరు జారి అనలేదు గానీ మనసులో చాలాసార్లు అనుకున్నాను.

ఆ కోపంలోనే చెయ్యకూడని పని చేశాను. ఒక తెల్లవారి పాలు పిండే వేళ కిటికీ సంచి మేకు ఊడదీసి మూల కొంచెం ఎత్తి చూశాను. ముందుగా గడ్డిదుడ్డె కనబడింది. రెండు మొఖాలూ చెరో పక్కకు వాలి ఉన్నాయి, కుట్ల దగ్గర గడ్డి పరకలు బయటికొచ్చాయి. నేననుకున్నంత భయంగా లేదది. నాకి నాకి రెండు నొసళ్ళ మీదా బొచ్చు పూర్తిగా పోయింది. బర్రె ఎడమ మొఖం నాకి, కాసేపు ఆగి, కుడి మొఖం నాకింది. పంతులు ఇద్దరు పిల్లలకు వంతులు వేసినట్టు, ఒకదానికి ఎక్కువా ఇంకోదానికి తక్కువా కాకుండా. అత్తమ్మ దాని పక్కకు నొసలు ఆనించి పాలు పిండుతోంది, పిండుతూ దానితో మాట్లాడుతోంది. "నీ తప్పేం లేదే తల్లీ. తాగుమన్నది తాగినవ్, పెట్టింది తిన్నవ్. నువ్వేం జేస్తవ్? నువ్వేం జేస్తవ్?" అని. నాకు ఆ మాటల మీద ధ్యాసే లేదు. చూశాను, చూసేశాను, ఇంక నా కడుపులో దాని గతి ఏంటి? అదొక్కటే ధ్యాస. సంచి వదిలేసి గుమ్ము వెనక కూలబడ్డాను.

ఆ తరువాతి రెండు నెలలు ఎట్లా గడిచాయో ఆ గుమ్ములకే ఎరుక. కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా కాళ్ళు లెక్కపెట్టడానికి ప్రయత్నించేదాన్ని. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి, మరి ఇదేంటి, మూడోదా? మూడు కాళ్ళ కోడిపిల్ల కలలోకి వచ్చేది. తల ఎటుందో తడుముకునేదాన్ని, రెండు చోట్ల గట్టిగా తగిలితే మళ్ళీ మొదటి నుంచి తడుముకునేదాన్ని. స్కానింగులు అప్పుడు మాకెక్కడివి? ఎవరితో చెప్పుకోను? చూశానని అత్తమ్మకు చెబితే చంపుతుంది. మా ఆయనకు చెబితే ఆమెకు చెబుతాడు. ఏమైనా జరిగితే ఇంక అది నా కళ్ళు చేసిన పాపమే అని తీర్మానించుకున్నాను. ఒక్కోసారి అత్తమ్మ నా పొట్ట వైపు అదే పనిగా చూస్తూ ఉండిపోయేది. ఈమెకు నేను చూసిన సంగతి తెలిసిపోయిందేమో అని వణికేదాన్ని.

మా బిడ్డ మిట్టమధ్యాహ్నం పుట్టింది. మంత్రసాని ఆడపిల్ల అని చెబుతూనే ఉంది, అత్తమ్మ ఆ మాట వినిపించుకోలేదు. పసిదాన్ని గుడ్డలో తీసుకుని తలుపు తీసి వెలుతురులోకి పోయింది. నొప్పులు పడి పడి సోలిపోతూ నేను ఆమె వీపు వైపే చూస్తున్నాను. చేతి వేళ్ళు లెక్కపెట్టింది. కాలి వేళ్ళు లెక్కపెట్టింది. కనురెప్పలు విప్పి చూసింది, నోట్లో వేలు పెట్టి అంగిలి తడిమింది, బోర్లా తిప్పి వెన్ను మీద చెయ్యి నడిపించింది. మళ్ళీ మొదటి నుంచి వేళ్ళు లెక్కపెట్టింది. తరువాత గుమ్మంలోనే కూలబడి, గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆడపిల్ల అని ఏడుస్తోందనుకున్నాడు మా ఆయన. ఆడపిల్ల అని ఏడవలేదని మాత్రం నాకు తెలుసు. నేనూ ఏడ్చాను. ఎవరి ఏడుపు ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రమే ఆమె గడ్డిదుడ్డెను తీసుకుపోయి పూడ్చేసింది. గొళ్ళెం కూడా పీకి బయట పారేసింది.

తరువాతి ఈతలో అదే బర్రె, అవే నీళ్ళు తాగి, చక్కటి ఆడ దుడ్డెను ఈనింది. ఒకే మొఖం, నొసట చుక్క. చూశారా, నీళ్ళదేం లేదని కొందరన్నారు. కానీ ఆ ఏడే ఇంకో ఇంట్లో కాళ్ళు లేని మేకపిల్ల పుట్టింది. డాక్టరు సారు ఎక్కడికో బదిలీ అయ్యాడు. మా ఆయన పర్మనెంట్ అయ్యాడు. కొన్నేళ్ళకు ఊరికి ట్యాంకర్లు వచ్చాయి, చేదబావిని మట్టితో పూడ్చారు. అంతవరకూ అత్తమ్మ ఆ నీళ్ళే తాగింది. చివరి రోజుల్లో కడుపునొప్పని మెలికలు తిరిగేది. నొప్పితో పోయిందో, ముసలితనంతో పోయిందో, నేనూ ఒట్టేసి చెప్పలేను. చేయవలసిందంతా చేశాను, మందులిచ్చాను, ఒళ్ళు తుడిచాను. ప్రేమగా ఒక్క మాట మాత్రం రాలేదు. ఆ గొళ్ళెం, ఆ చెంపదెబ్బ ప్రతిసారీ అడ్డం వచ్చేవి.

పోయినేడు ఆమె మాసికం అయ్యాక నాకొకటి తట్టింది. మైసమ్మకు మొక్కిన మొక్కు ఆమె ఎన్నడూ తీర్చలేదు. మా బిడ్డకు పెళ్ళయింది, రేపు కడుపు పండాలి, పాత మొక్కు బాకీ ఉండకూడదు కదా అని చీర, పసుపు, కొబ్బరికాయ పట్టుకుని గుట్ట అవతలికి వెళ్ళాను. బావి దగ్గర మైసమ్మకు దీపం పెట్టే అవ్వ ఇంకా బతికే ఉంది, చూపు మందగించింది. కడుపుతో ఉన్నవాళ్ళ నీళ్ళ మొక్కు ఎట్లా తీర్చాలి అని అడిగాను. "గసొంటి మొక్కు నేనెన్నడు ఇనలేదు బిడ్డా" అంది. మా అత్తమ్మ ఊరు చెప్పి, రోజూ చీకటితో బిందె పట్టుకుని వచ్చేది చూడు అన్నాను. అవ్వ గుర్తుపట్టింది. "ఆమెనా! ఆమె ఏ మొక్కూ మొక్కలే. గీ గట్టు మీద కూసోని ఏడ్సేది. 'అక్కా, మా బాయిల ఇసం ఉన్నది. ఉన్నదంటె కొడుకు నౌకరి పోతది, లేదంటె కోడలి కడుపు పోతది. నలుగుట్ల తాగి సూపిచ్చిన, నేను అవద్దం ఆడిన. దానికేం జెప్పాలె? మొక్కని చెప్పిన' అనేది."

ఆమె కూర్చున్న ఆ గట్టు మీదే నేనూ కూర్చున్నాను. దారిలో ఎవరితోనూ మాట్లాడకపోవడం మొక్కులో భాగమట! ఎవరైనా ఇంటి ముందు బావి పెట్టుకుని ఇంత దూరం ఎందుకొస్తున్నావని అడిగితే చెప్పడానికి మాట లేకనే కదా. నా కళ్ళు తప్పు చేశాయని నేను, తన నోరు తప్పు చేసిందని ఆమె, ఒకే గోడకు చెరో పక్క నెలల తరబడి వణికాము. ఒక్కరు నోరు విప్పినా ఇద్దరికీ ఊపిరి ఆడేది. తీసుకుపోయిన చీరను మైసమ్మకు కట్టలేదు. ఇంటికి తెచ్చి అత్తమ్మ ఫోటో ముందు పెట్టాను.

స్కానింగ్ గదిలోకి నన్నూ రానిచ్చారు. డాక్టరమ్మ తెర మీద చూపిస్తూ, "ఇది వెన్ను, ఇవి కండ్లు, ఇగో చెయ్యి, లెక్కపెట్టుకోండి" అంది. నేను లెక్కపెట్టాను. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. బయటికి వచ్చాక మా బిడ్డ సీసాలో మిగిలిన నీళ్ళు నాకిచ్చి, "ఎందుకమ్మా ఏడుస్తున్నవ్? అంతా మంచిగనే ఉన్నదట కదా" అంది. దానికి తెలియని ఆ మిగతా సగం కథ అక్కడే, ఆ బెంచీ మీదే దానికి చెప్పాను. మా అత్తమ్మ నా కోసం నీళ్ళు మోసింది నాలుగు నెలలు. ఆమె మీద కోపం నేను మోసింది ఇరవై ఏళ్ళు.